రాగి పలకకు కళాయి

‘కళాయి’ అన్న మాట మన తెలుగునాట ఒక్కొక్క చోట ఒక్కొక్క అర్థంలో వినిపిస్తుంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థినిని అడిగితే అది పోపు వేసే బాణలి అంటుంది. మన లష్కరు పెద్దలను అడిగితే రాగి, ఇత్తడి పాత్రల లోపల వేసే తెల్లని తగరపు పూత అంటారు. ఉర్దూ విభాగపు మిత్రులు దానినే ‘ఖలయీ’ అని పలుకుతారు. తగరానికి అరబ్బీలో ఉన్న పేరు నుంచే ఆ మాట పుట్టిందని నిఘంటువులు చెబుతున్నాయి. నేనిక్కడ వ్రాయబూనింది ఈ రెండవ కళాయిని గురించి. అయితే గిన్నెకు వేసేది కాదు, విద్యార్థులు ఇంటివద్ద స్వయంగా తయారుచేసుకునే సర్క్యూట్ పలకకు వేసేది. వంటింటి విషయానికీ ప్రయోగశాల విషయానికీ ముడిపెడుతున్నానని పాఠకులు నవ్వుకోవచ్చు. ఆ ముడి నేను వేసింది కాదు. నాలుగు దశాబ్దాల క్రితం సికింద్రాబాదులో, జనరల్ బజారు వెనుక ఒక సందులో, ఒక పెద్దాయన వేసినది.

ఈ సంవత్సరం మన ప్రయోగశాలకు కొందరు విద్యార్థులు తాము తయారుచేసిన పలకలను తెచ్చి చూపించారు. ముచ్చట వేసింది. కాని వాటిలో సగానికి పైగా పలకల మీద రాగి నల్లబడి, టంకము అంటక, పాదరసపు బిందువుల్లా ఉండలు కట్టి జారిపోయింది. “సార్, టంకపు తీగ మంచిది కాదేమో” అన్నాడొకడు. “ఐరన్ వేడి చాలడం లేదు” అన్నది మరొక అమ్మాయి. ఇద్దరి మాటా నిజం కాదు. నిజమేదో నేను పోగొట్టుకుని నేర్చుకున్నాను గనుక, వారికి నోటితో చెప్పిన దానిని ఇక్కడ కొంచెం విపులంగా వ్రాస్తున్నాను.

అది 1985 వేసవి. నేను అప్పుడు బి.యస్సీ. చదువుతున్నాను. మా సందులో కుళాయి నీరు దినం విడిచి దినం వచ్చేది. వచ్చే వేళకు నియమం లేదు. అర్ధరాత్రి ఒంటిగంటకు రావచ్చు, తెల్లవారుజామున నాలుగింటికి రావచ్చు. వచ్చిన గంటసేపట్లో పట్టుకున్నవారికి పట్టుకున్నంత. మా అమ్మ ఆ రాత్రులు సగం నిద్రలోనే గడిపేది. చిన్న చప్పుడైతే చాలు, లేచి వెళ్ళి కుళాయి క్రింద చేయి పెట్టి చూసి వచ్చేది. చదువుకుంటున్న విద్య ఇంటికి ఉపయోగపడాలన్న కోరిక ఆ వయసులో ఎవరికైనా ఉంటుంది. కుళాయి క్రింద రెండు తీగలు పెట్టి, నీరు తగలగానే మోగే గంటను తయారుచేద్దామని సంకల్పించాను.

పథకం చాలా సులభమైనదే. నీటిగుండా అత్యల్పమైన విద్యుత్తు ప్రవహిస్తుంది. ఒకదాని వెనుక ఒకటిగా కలిపిన రెండు ట్రాన్సిస్టర్లు దానిని సుమారు పదివేల రెట్లు పెంచుతాయి. రెండు మైక్రో ఆంపియర్లు లోపలికి వస్తే ఇరవై మిల్లీ ఆంపియర్లు బయటికి వస్తాయన్నమాట. దానితో ఒక 555 ఐసి పని మొదలుపెట్టి చిన్న స్పీకరులో కూత వేయిస్తుంది. అదనంగా ఒక రిలే పెట్టి దీపం కూడా వెలిగించాలని నా ఆడంబరం.

పలకకు కావలసిన హైలం రేకు సులభంగానే దొరికింది. నగరంలోని సనత్‌నగర్‌లో తయారయ్యే ఈ గోధుమరంగు రేకు ఆ రోజుల్లో దేశమంతటా రేడియో పనివారికి పరిచితమైనది. దానికి ఒకవైపు అతికిన రాగిపొర మందం సుమారు 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో సుమారు ముప్పయ్యవ వంతు మాత్రమే. గోళ్ళరంగుతో, అగ్గిపుల్లతో దాని మీద దారులు గీశాను. కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన ఫెర్రిక్ క్లోరైడు ముక్కలను ప్లాస్టిక్ పళ్ళెంలో నీటిలో కలిపి పలకను ముంచాను. గోళ్ళరంగు కప్పని చోట రాగి కరిగిపోయింది. రంగు తుడిచేసరికి గులాబీ వన్నె రాగి దారులు మిలమిల మెరుస్తూ బయటపడ్డాయి. ఆ సాయంత్రం ఆ పలకను ఎంతమందికి చూపించానో లెక్కలేదు. చూసిన ప్రతివారూ వేలితో తడిమి చూశారు. ఆ వేలిముద్రల సంగతి తరువాత తెలిసింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. పుస్తకాలలో పలక తయారైన మరుక్షణం భాగాలన్నీ అమర్చి టంకము వేయమని వ్రాసి ఉంటుంది. ఆ భాగాలన్నీ ఒక్కసారి కొనగలవాడి కోసం వ్రాసిన పుస్తకాలవి. నాకు ఇద్దరు పిల్లలకు చెప్పే ట్యూషన్ డబ్బు తప్ప వేరే ఆదాయం లేదు. ఒక నెల ట్రాన్సిస్టర్లు, మరొక నెల స్పీకరు, ఆపై నెల రిలే. అన్నీ సమకూరేసరికి రెండు నెలలు గడిచాయి. కాగితంలో చుట్టి పెట్టెలో దాచిన పలకను తీసి చూస్తే రాగి ముదురు గోధుమరంగుకు తిరిగింది. వేళ్ళు తగిలిన చోటల్లా నల్లని మచ్చలు. టంకము కరిగించి పెడితే తామరాకు మీద నీటిబొట్టులా ఉండగట్టి ప్రక్కకు దొర్లింది. గట్టిగా వేడిచేస్తే అంటలేదు సరిగదా, రేకు నుంచి రాగి చిన్న బిళ్ళగా లేచి వచ్చింది.

గాలిలోని ప్రాణవాయువు, తేమ, వంటింటి పొగలోని గంధకం, చేతి చెమటలోని ఉప్పు, ఇవన్నీ రాగి మీద ఒక పలుచని పొర కడతాయి. కరిగిన టంకము శుద్ధమైన రాగితోనే కలుస్తుంది, ఆ పొరతో కలవదు. అందుచేత రాగి శుద్ధంగా ఉన్నప్పుడే దాని మీద పలుచగా తగరంగాని, తగరము సీసము కలిసిన టంకంగాని పూసి ఉంచితే, నెలల తరువాత కూడా టంకము ఇట్టే అంటుకుంటుంది. కర్మాగారాలలో పలకను కరిగిన టంకంలో ముంచి, పైకి తీస్తూ రెండు వైపుల నుంచీ వేడిగాలిని కత్తిలా కొట్టి, అదనంగా అంటినదానిని ఊదివేస్తారు. ఇంట్లో అటువంటి యంత్రం ఎక్కడిది? మా ఆచార్యులొకరు రసాయనపు నీటిలో ముంచి తగరం పూసే పద్ధతిని చెప్పారు గాని, ఆ లవణాల ధర అడిగి వెనుదిరిగాను.

ఆ రోజే బజారు వెనుక సందులో కళాయి పెద్దాయనను చూశాను. అంతకు ముందు వందసార్లు చూసి ఉంటాను, చూసినట్టు గుర్తులేదు. నేలలో చిన్న గుంట, అందులో బొగ్గులు, చేత్తో త్రిప్పే గాలిమర. పెళ్ళి విందుకు తీసుకెళ్ళే పెద్ద రాగి దేగ్ ఒకటి ప్రక్కన ఉంది. ఒక కుర్రవాడు అందులో దిగి, కాళ్ళ క్రింద ఇసుక, గోనెపట్టా వేసుకుని, గోడకున్న కర్రను పట్టుకుని నడుమును అటూ ఇటూ త్రిప్పుతున్నాడు. ఏదో నాట్యం చేస్తున్నట్టుంది. పాత మురికి పోయి రాగి ఎర్రగా బయటపడేంతవరకు ఆ త్రిప్పుడు ఆగలేదు. తరువాత పెద్దాయన దేగ్‌ను నిప్పుల మీద వేడిచేసి, తెల్లని పొడి చిటికెడు చల్లాడు. గుప్పున పొగ లేచింది. తగరపు కడ్డీని ఒకచోట తాకించి, దూదిగుడ్డతో రయ్యిన తుడిచాడు. ఎర్రని రాగి మీద వెండి వెన్నెల పరచుకుపోయింది. ఇంత తగరంతో అంత దేగ్‌ను పూయడం చూసి నిలబడిపోయాను. కర్మాగారపు వేడిగాలి కత్తి చేసే పని, ఈయన చేతిలోని దూదిగుడ్డే చేస్తున్నది.

జేబులో నుంచి నా పలక తీసి చూపించాను.

“చాచా, దీనికి కళాయి వేస్తారా?”

ఆయన దానిని అటూ ఇటూ త్రిప్పి చూశాడు. “ఇదేంది బేటా? గిన్నె కాదు, తట్ట కాదు. ఎనక చెక్కలెక్క ఉంది. నిప్పుల మీద పెడితే కాలిపోతది.”

టంకము వేసే విధానం చెప్పి, నా దగ్గరున్న టంకపు కడ్డీని ఇచ్చాను. ఆయన దానిని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచాడు. తరువాత తన తగరపు కడ్డీని నా చెవి దగ్గర పెట్టి వంచాడు. లోపల ఎండుటాకులు నలిగినట్టు సన్నగా చిటచిటమన్న ధ్వని వినిపించింది.

“విన్నవా? అసలు తగరం మాట్లాడుతది. నీది మూగది. సీసం కలిసింది. నీ చెక్కకు నడుస్తదేమో గాని, దీనితో నేను గిన్నెకు కళాయి వేస్తే వండుకుని తినేటోళ్ళ పాపం నాకు తగుల్తది.”

శుద్ధమైన తగరాన్ని వంచినప్పుడు దానిలోని స్ఫటికాలు ఒకదానిపై ఒకటి మడతపడి ఆ ధ్వని చేస్తాయని, లోహశాస్త్రజ్ఞులు దానిని ‘తగరపు ఏడుపు’ అంటారని నేను పుస్తకంలో చదివింది ఆ తరువాత చాలాకాలానికి. సీసం ఎక్కువగా కలిస్తే ఆ ధ్వని అణగిపోతుంది. చింతపండు పులుసు, నిమ్మరసం వంటివి సీసాన్ని కరిగించి ఆహారంలో చేరుస్తాయి. సీసం శరీరంలో పేరుకుని, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఈ శాస్త్రమంతా ఆయనకు తెలియదు; కడ్డీ మాట్లాడాలన్న నియమం మాత్రం తెలుసు. విద్యార్థులకు నా మనవి: సర్క్యూట్లకు వాడే టంకమును ఏ కారణం చేతనైనా వంటపాత్రకు వాడరాదు, వాడిన చేతులను సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోరాదు.

పలకకు తాను పూయలేనని, పని మాత్రం చూసి నేర్చుకొమ్మని అన్నాడు. రెండు ఆదివారాలు ఆయన దగ్గర కూర్చున్నాను. ఆయన మాటలలో సారం ఇంతే: ముందు తోముడు, తరువాత వేడి, తరువాత నౌషాదర్, చివర తగరం, తగరం ఎంత తక్కువైతే అంత మంచిది, తుడవడంలోనే పనితనమంతా ఉంది. నౌషాదర్ అంటే మనం తెలుగులో నవాసాగరం అనే అమోనియం క్లోరైడు. వేడికి అది అమోనియాగా, ఉదజహరికామ్లపు ఆవిరిగా విడిపోతుంది. ఆ ఆమ్లపు ఆవిరే రాగి మీది పొరను తినివేసి తగరానికి దారి ఇస్తుంది. వచ్చేటప్పుడు ఒక కాగితపు పొట్లంలో కాస్త నవాసాగరం కట్టి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

ఇంటికి వచ్చి, పాడైన పలకను పారవేసి, మరొకటి తయారుచేశాను. కుంకుడు రసంతో, ఇటుకపొడితో తోమాను. నవాసాగరం నీటిలో కలిపి రాగి దారుల మీద పూశాను. 25 వాట్ల ఐరన్‌తో టంకమును కరిగిస్తూ గుడ్డపీలికతో తుడుచుకుంటూ వచ్చాను. గంటలో పలకంతా అద్దంలా అయింది! భాగాలు అమర్చితే టంకము నీళ్ళలా ప్రవహించి అంటుకుంది. మే నెలాఖరున గంట మా కుళాయి దగ్గర వెలసింది. మొదటి రాత్రి రెండింటికి అది కూత పెట్టినప్పుడు మా అమ్మ లేచి, నీళ్ళు పట్టడం మానేసి కాసేపు ఆ పెట్టెనే చూస్తూ నిలబడింది. నాలుగైదు రోజులలో ప్రక్కనున్న నాలుగిళ్ళవారు కూడా దాని కూతకే లేవడం అలవాటు చేసుకున్నారు. నా ఆనందం చెప్పనలవికాదు.

జూలైలో ముసురు పట్టింది. ఒక రాత్రి ఒంటిగంటకు గంట మోగింది. అందరూ బిందెలతో లేచారు. కుళాయిలో చుక్క నీరు లేదు. తిరిగి పడుకున్న పావుగంటకు మళ్ళీ మోగింది. తీగలు తుడిచి ఆరబెట్టాను, మళ్ళీ మోగింది. మూడవ రాత్రి ప్రక్కింటి పిన్నిగారు వచ్చి, నవ్వుతూనే, “బాబూ, నీ పెట్టెను కొంచెం నిద్రపుచ్చు” అన్నారు. రెండు రోజులు విప్పి చూశాను గాని లోపం కనిపించలేదు. ఆ తరువాత ఒక వారం బుద్ధిగా పనిచేసింది. ఒకనాటి రాత్రి నీరు వచ్చింది, పోయింది. గంట మోగనే లేదు. అయిదిళ్ళలో ఒక్క బిందె నిండలేదు. మరునాడు మా అమ్మ రెండు సందుల అవతలి చేతిపంపు నుంచి నీరు మోసింది. నన్ను ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేదేమో!

పలకను వెలుతురులో పెట్టి చూస్తే సంగతి బయటపడింది. మెరిసే దారుల అంచుల వెంట పచ్చని చిలుము. ఒకచోట దారి పూర్తిగా తెగిపోయి, తెగిన చోట ఆకుపచ్చని బూజు. పలక ఉపరితలం మీద వేలు పెడితే జిగటగా తగిలింది.

దానిని తీసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. నా మనసులో ఆయన మీద కొంచెం కోపం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆయన చూసి, నాలుకతో తాకించి, ఉమ్మివేశాడు.

“నౌషాదర్ అట్లనే ఉన్నది. కడిగినవా?”

కడగలేదు. కరెంటు వస్తువును నీటిలో ముంచడమా అనుకున్నాను.

“నేను గిన్నెను ఏం చేస్తున్న? తుడిచిన వెంటనే నీళ్ళల్ల ముంచుతున్న కదా. రెండు ఆదివారాలు చూసినవు. చూసినవా, లేదా?”

చూశాను. వేడి గిన్నె నీటిలో ‘చుయ్’మనడం విని, అది చల్లార్చడానికే అనుకున్నాను. దానితోపాటు నవాసాగరపు ఉప్పంతా కడిగిపోతున్నదని తోచలేదు. పైగా గిన్నెను ఇల్లాలు రోజూ కడుగుతుంది. పలకను జన్మలో మరొకసారి ఎవరూ కడగరు. మిగిలిన క్లోరైడు లవణం వానాకాలపు తేమను పీల్చి చెమ్మగిల్లింది. ఆ చెమ్మ గుండా దారికీ దారికీ మధ్య విద్యుత్తు కారింది. పదివేల రెట్లు పెంచే ట్రాన్సిస్టర్లకు రెండు మైక్రో ఆంపియర్లు చాలునని పైన వ్రాశాను గదా! ఆ రెండు మైక్రో ఆంపియర్లు నీటినుంచి కాక పలక మీది ఉప్పు నుంచే అందాయి, అందుకే నీరు లేకుండా గంట మోగింది. రాత్రింబవళ్ళు బ్యాటరీ కలిసి ఉండడంతో ఆ ఉప్పుచెమ్మలో రాగి మెల్లమెల్లగా కరిగి, చివరకు దారి తెగింది, అందుకే నీరు వచ్చినా మోగలేదు.

అప్పుడు నేను రోజిన్ వైపు మళ్ళాను. దేవదారు జాతి చెట్ల బంకను కాచగా మిగిలే తేనెరంగు గట్టి ముద్ద ఇది. ఫిడేలు వాయించేవారు కమానుకు రుద్దేది కూడా ఇదే. ఇందులోని ఆమ్లం వేడిలో కరిగినప్పుడు మాత్రమే రాగి మీది పొరను తొలగిస్తుంది. చల్లబడగానే గట్టిపడి, విద్యుత్తును ప్రసరింపనీయక, ఊరకుంటుంది. నవాసాగరమంత బలం దీనికి లేదు, అందుచేత దీనితో పనిచేసేవాడు రాగిని తోమడంలో బద్ధకించరాదు. గిన్నెకు పనికివచ్చేది పలకకు చేటు అని నాకు తెలియడానికి అయిదిళ్ళవారి నీరు ఖర్చయింది.

ఇక విద్యార్థులు అడిగిన చౌకమార్గాల విషయం. అన్నిటికన్నా చౌకైనది తగరమే వాడని మార్గం. రోజిన్ ముద్దను పొడిచేసి, దానికి అయిదారింతల స్పిరిటులోగాని ఐసోప్రొపైల్ ఆల్కహాలులోగాని కరిగించి, తోమి ఆరబెట్టిన పలక మీద కుంచెతో పలుచగా పూయాలి. ఆరిన తరువాత గాజులాంటి పొర కడుతుంది. రాగిని గాలి నుంచి కాపాడుతుంది, టంకము వేసేటప్పుడు అదే ఫ్లక్స్‌గా పనిచేస్తుంది. రెండు మూడు నెలలు భాగాల కోసం ఎదురుచూసేవారికి ఇది చాలు. పూర్తిగా ఆరేవరకు వేడి ఐరన్‌ను దరికి రానీయకూడదు, స్పిరిటు భగ్గుమంటుంది.

ఎక్కువ కాలం నిలవాలంటే కళాయి వేయవలసిందే. నేను నలభై ఏళ్ళుగా చేస్తున్న పద్ధతి ఇది. టీవీ యాంటెనాకు వాడే కేబులు పై తొడుగు తీస్తే లోపల అల్లిన సన్నని రాగితీగల జాలి ఉంటుంది. పాత కేబులు ముక్క చాలు. కొత్తరకం కేబుళ్ళలో కొన్నిటికి ఈ జాలి అల్యూమినియంతో ఉంటుంది, అది పనికిరాదు. రాగిజాలిని చదునుగా నొక్కి, రోజిన్ ద్రావణంలో ముంచి ఆరబెట్టాలి. దాని చివర కాస్త టంకము పట్టించి, పలక మీద పెట్టి, పైన ఐరన్ ఆనించి, దారి వెంట మెల్లగా లాగాలి. జాలి అదనపు టంకమును పీల్చుకుంటుంది, అవసరమైనంత మాత్రం రాగికి వదులుతుంది. పెద్దాయన దూదిగుడ్డకు ఇది మారురూపం. పూత గుట్టలుగా ఉండరాదు, గుట్టలుంటే తరువాత రంధ్రాలు మూసుకుపోతాయి. తగరం 63 పాళ్ళు, సీసం 37 పాళ్ళు ఉన్న టంకము 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరుగుతుంది. శుద్ధమైన తగరానికి 232 డిగ్రీలు కావాలి. హైలం రేకు మీద ఎంత తక్కువ వేడి పెడితే అంత క్షేమం గనుక మొదటిదే మేలు. ఒకేచోట ఐరన్‌ను రెండు మూడు క్షణాలకు మించి ఉంచవద్దు. పని ముగిశాక పలకను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పాత పళ్ళ బ్రష్షు పెట్టి తోమి, ఆరబెట్టాలి. రోజిన్ హాని చేయదు గదా అని నేనే పైన వ్రాశాను; అయినా తోముతాను. ఒకసారి కాలినవాడి జాగ్రత్త అనుకోండి.

రష్యాలోని అభిరుచికారులు మరొక చమత్కారం చేస్తారు. బిస్మతు సగం, మిగతా సగం సీసము తగరము కలిపిన ‘రోజ్ లోహం’ నీరు మరిగేలోపే, సుమారు 95 డిగ్రీల వద్ద, కరుగుతుంది. మరుగుతున్న నీటిలో కాస్త నిమ్మ ఉప్పు వేసి, పలకను అందులో ఉంచి, కరిగిన లోహపు బొట్టును రబ్బరు ముక్కతో రాగి మీద రుద్దుతూ పోతారు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని బిస్మతు మనకు చౌక కాదు. పైగా ఆ పూత మామూలు టంకముతో కలిసినప్పుడు తక్కువ వేడికే మెత్తబడే అతుకులు ఏర్పడే ప్రమాదముంది. వాడిన గిన్నె మళ్ళీ వంటింటికి పోకూడదు. హాస్టలులో ఇది అసలు వద్దు.

రసాయనపు నీటిలో ముంచే పద్ధతిని గురించి తరగతిలో ఒక మంచి ప్రశ్న వచ్చింది. రసాయనశాస్త్రం చదివినవారికి తెలుసు, రాగి తగరం కన్నా ఉదాత్తమైన లోహం. ప్రామాణిక విద్యుత్ పొటెన్షియల్ రాగికి +0.34 వోల్టులు, తగరానికి -0.14 వోల్టులు. అటువంటప్పుడు రాగిని స్టానస్ క్లోరైడులో ముంచితే తగరం ఎందుకు దిగుతుంది? దిగదు. అందుకే అందులో థయోయూరియా కలుపుతారు. అది రాగి అయాన్లను గట్టిగా పట్టుకుని రాగి పొటెన్షియల్‌ను తగరం కన్నా క్రిందికి దింపుతుంది. అప్పుడు రాగి కరిగి తగరం పేరుకుంటుంది. రాగి అంతా కప్పబడగానే చర్య దాదాపు ఆగిపోతుంది గనుక పూత ఒక మైక్రాను ప్రాంతంలోనే ఉంటుంది. అంత పలుచని తగరాన్ని క్రింది రాగి నెలల తరబడి మెల్లగా తనలో కలుపుకుని మిశ్రమంగా మార్చివేస్తుంది, అప్పుడు టంకము మళ్ళీ మొరాయిస్తుంది. థయోయూరియా క్యాన్సర్ కారకం కావచ్చునన్న అనుమానం కూడా ఉంది. ప్రయోగశాలలో పర్యవేక్షణలో ఒకసారి చేసి చూపిస్తాను, ఇంటివద్ద చేయవద్దు.

ఇప్పుడు అంతర్జాలంలో బొమ్మ పంపితే పూత వేసిన పలకలే ఇంటికి వస్తున్నాయి గదా అని ఒకరిద్దరు అన్నారు. నిజమే. పది ఒకేరకం పలకలు కావలసినప్పుడు నేనూ అదే చేస్తాను. కాని ఆదివారం తట్టిన ఆలోచనను ఆదివారమే చేసి చూడాలనుకునేవాడు వారం రోజులు కొరియరు కోసం కూర్చోలేడు.

కళాశాల కమిటీవారికి ఈ సందర్భంలో ఒక విన్నపం. మన ప్రయోగశాలలో టంకపు బల్ల దగ్గర పొగను బయటికి లాగే పంకా లేదు. రోజిన్ పొగ కొందరిలో ఉబ్బసాన్ని కలిగిస్తుంది. వానాకాలంలో కిటికీలు మూసినప్పుడు ముందు బెంచీలవారు దగ్గుతూనే ఉంటారు. రెండవది, వాడిన ఫెర్రిక్ క్లోరైడు. అందులో కరిగిన రాగి జలచరాలకు విషం. సికింద్రాబాదు నాలాలలో పారేది చివరకు హుస్సేన్ సాగర్‌లో కలుస్తుందని మనకందరికీ తెలుసు. మూతగల ఒక ప్లాస్టిక్ డ్రమ్ము ఇప్పిస్తే వాడిన ద్రావణమంతా అందులో పోస్తాం. ఇనుప మేకులు వేస్తే రాగి ఎర్రని మట్టిలా క్రిందికి దిగుతుంది, మిగిలినదానిని సున్నంతో విరిచి గట్టిపరచి ఇవ్వవచ్చు. రెంటికీ కలిపి అయ్యే ఖర్చు వార్షికోత్సవపు షామియానా అద్దెలో చిన్న భాగం. ఆ పోలికకు కమిటీవారు మన్నింతురు గాక.

రెండవ పలకతో మా గంట 1985 ఆగస్టులో మళ్ళీ కుళాయి దగ్గరికి చేరింది. ప్రక్కింటి పిన్నిగారు మొదటి నెల దానిని నమ్మక, అలారం గడియారం కూడా పెట్టుకున్నారు. ఆ తరువాత ఏడేళ్ళు, మా సందులో నీటికి ఒక వేళ ఏర్పడేవరకు, అది పనిచేసింది. పెద్దాయనకు ఆ కూత వినిపించాలని పెట్టెను ఒకనాడు బజారుకు మోసుకెళ్ళాను. తీగలను తన నీళ్ళ తొట్టిలో పెట్టి, మోగించి, తీసి, మళ్ళీ పెట్టి, కుర్రవాణ్ణి పిలిచి చూపించాడు. స్టీలు పాత్రలు వచ్చి ఇళ్ళ పని తగ్గిపోయింది, ఇక దేగ్‌ల మీదే బ్రతుకని ఆనాడు అన్నాడు. కొన్నాళ్ళకు నేను ఉద్యోగరీత్యా ఊరు విడిచాను. తిరిగి వచ్చేసరికి ఆ గుంట మీద సిమెంటు పరచి ఉంది.

రెండు పలకలూ, పచ్చని చిలుము పట్టినదీ, పనిచేసినదీ, మన ప్రయోగశాల బీరువాలో రెండవ అరలో ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. డబ్బాలోనే జానెడు తగరపు కడ్డీ కూడా ఉంది. మధ్యాహ్నం మూడు గంటల తరువాత ఎవరైనా వచ్చి చూడవచ్చు, కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచవచ్చు. విరిచివేయకుండా మాత్రం వంచండి.